పెద్దోడి వెనక కాలు

మా నాయిన నా షాపుకు గిరాకీలా వచ్చి వరుసలో నిలబడిన రోజును నేను ఈ జన్మలో మరిచిపోను.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి కొంచెం లోపలికి పోతే ఉంటుంది మా పశువుల మందుల షాపు. షాపు వేరే ఆయనది, కౌంటర్ మాత్రం నాది. ఫార్మసీ చదివి మొదట మనుషుల మందుల దుకాణంలో చేరాను గానీ అక్కడ ఇమడలేకపోయాను. మనుషులు తమ రోగాల గురించి నానా అబద్ధాలూ చెబుతారు. పశువులైతే చెప్పవు కదా అని ఇటు వచ్చాను. వాటి తరఫున అబద్ధాలు చెప్పడానికి మళ్లీ మనుషులే వస్తారని ఇక్కడ నిలబడ్డాక గానీ తెలియలేదు. శుభ్రంగా మేస్తున్న ఆవు మేత ముట్టడం లేదంటారు. "కాళ్లకు సత్తువొచ్చే సూది ఇయ్యమ్మా" అంటారు. అలాంటి సూదే ఉంటే ముందు నేను పొడిపించుకునేదాన్ని. పొద్దంతా నిలబడి నిలబడి నా కాళ్లే పీకుతుంటాయి.

ఆ ఉదయం నల్గొండ బస్సు ఎక్కబోయే రైతు ఒకాయన, ఆయన వెనక కుక్కపిల్లను చంకలో పెట్టుకున్న కాలేజీ అమ్మాయి, ఆమె వెనక మా నాయిన. తెల్ల దోతి, భుజాన తువ్వాల, నన్నెప్పుడూ చూడనట్టు పక్కకు తిప్పుకున్న ముఖం. ముందు రోజు పుట్టింట్లో నేను ఇవ్వనన్నదాన్ని, ఇప్పుడు నలుగురి ముందు అడిగితే కాదనలేనని ఆయన ఎత్తు. వంతు రాగానే కౌంటర్ మీద చెయ్యి పెట్టాడు.

"అమ్మా, దున్నపోతు కాలు గుంజుతుంది. నొప్పి సూది కావాలె."

"డాక్టర్ చిట్టీ ఉందా?" అన్నాను, నేనూ తగ్గకుండా.

"చిట్టీ లేదు."

"చిట్టీ లేంది ఇయ్యం పెద్దమనిషీ. బోర్డు రాసుంది, చూడరాదు?"

"గా బోర్డు ఎవలు రాసిన్రు?"

"నేనే రాసిన."

కుక్కపిల్ల అమ్మాయి కిసుక్కున నవ్వింది. నాయినకు ఒళ్లు మండింది. "నువ్వు నా బిడ్డవా, లేకుంటే ఈ షాపోళ్లకు దత్తు పోయినవా?" అని గట్టిగానే అని, మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు చెప్పినా వినని మనిషిని. దున్నపోతును పెంచనివాళ్ల మాట అది. దున్నపోతు చక్కగా వింటుంది. వినంది దాన్ని పెంచే మా నాయినే.

ఆయన సూది అడిగింది మా పెద్దోడికి. పెద్దోడు అంటే మా దున్నపోతు. నాకంటే చిన్నవాడే అయినా ఇంట్లో పెద్దకొడుకు హోదా వాడిదే. కొడుకులు లేని ఇల్లు మాది, నేనొక్కదాన్నే కూతుర్ని. వాడు పుట్టిన రోజే తల్లి బర్రె చచ్చిపోయింది. నాయిన కొట్టంలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు తాగించాడు. నాకు ఒక్కనాడైనా అన్నం తినిపించిన జ్ఞాపకం లేదు. ఈ సంగతి నవ్వుతూనే చెబుతాను గానీ, లోపల ఎక్కడో కొంచెం మంట ఉన్న మాట నిజం.

మాది సైదాబాద్‌లో పాల వ్యాపారం చేసే కుటుంబం. చుట్టూ ఇళ్లు పెరిగి పేడ వాసన గురించి తగువులు మొదలయ్యాక కొట్టాన్నీ, దాంతోపాటే ఇంటినీ అల్మాస్‌గూడకు మార్చారు. ఇప్పుడు అక్కడా కాలనీలు వచ్చేశాయి. కొట్టానికి ఒక పక్క అపార్ట్‌మెంట్లు, ఇంకో పక్క ఫంక్షన్ హాల్. పెళ్లయి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నా, పొద్దున షాపుకు పోయే ముందు కొట్టానికి ఒకసారి పోనిదే నాకు రోజు మొదలవదు.

దీపావళి వెళ్లాక మాకు సదర్ వస్తుంది. నగరంలో పశువులున్న యాదవ కుటుంబాలన్నీ తమ తమ దున్నపోతులకు నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల పట్టీలు కట్టి, డప్పులతో వీధిలోకి తెస్తాయి. డప్పు జోరందుకోగానే దున్న ముందు కాళ్లు గాల్లోకి ఎత్తి వెనక కాళ్ల మీద నిలబడుతుంది. అంత బరువూ ఆ రెండు కాళ్ల మీద. ఎవరి దున్న ఎంత ఎత్తు లేచిందో బస్తీ ఏడాదంతా చెప్పుకుంటుంది. మా తాత రోజుల నుంచి మా కొట్టంలోని దున్న వచ్చి నిలబడకుండా మా సైదాబాద్ చౌరస్తాలో సదర్ జరగలేదు.

ఆ ఏడు సదర్‌కు తాలీం, అంటే డప్పుకు లేచే శిక్షణ, ఇస్తుండగా అప్పుడే కడిగిన సిమెంటు గచ్చు మీద పెద్దోడి కుడి వెనక కాలు జారి పక్కకు పోయింది. మోకీలు పైన ఇంత లావున వాచింది. పండుగ చూస్తే దగ్గర్లోనే ఉంది. అందుకే ఆ సూది గొడవ.

నాయిన అటు వెళ్లగానే నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. షాపుకు దగ్గర్లోనే క్లినిక్ పెట్టుకున్న పశువైద్యురాలు, గుంటూరు వైపు మనిషి. ఆ సాయంత్రమే స్కూటీ మీద అల్మాస్‌గూడ వచ్చింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని, పెద్దోడి కాలంతా తడిమి చూసింది. వాడు నొప్పికి తోక విదిలించి ఆమె ముఖం మీద కొట్టాడు. ఆమె ఏమీ అనుకోలేదు.

"ఎముక విరగలేదండీ. కండ బాగా సాగిపోయింది, కీలు దగ్గర పట్టు కూడా దెబ్బతింది. అసలు ఇంత బరువు జీవాన్ని రెండు కాళ్ల మీద లేపడమేంటండీ పెద్దాయనా?"

"మేం లేపం అమ్మా. డప్పినంగనే వాడే లేస్తడు. వాడికి గంత షోకు."

"షోకు సంగతి తర్వాత. వాపు దిగడానికి మెలాక్సికమ్ రాస్తున్నాను, కండ వదులు కావడానికి ఇంకోటి. నొప్పి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని కాలు బాగైందనుకోవద్దు. నొప్పికి మందుంది గానీ తెగింది అతుక్కోవడానికి మందు లేదండీ, విశ్రాంతే. ఈ కాలు మీద ఇంకొక్కసారి లేచాడంటే పూర్తిగా తెగిపోతుంది."

తెగిపోతే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. లేచి నిలబడలేని దున్నపోతును ఏ లారీ ఎక్కిస్తారో, ఆ లారీ ఎటు పోతుందో పాల ఇళ్లలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. నాయిన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చీటీ మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడిస్తవా?"

"ఇప్పుడిస్త," అన్నాను.

మందు బాగా పనిచేసింది. ఎందుకింత బాగా పనిచేసిందని తర్వాత తిట్టుకునేంత బాగా. రెండు పూటలకే వాడు మేత మీద పడ్డాడు, కళ్లలో తేట వచ్చింది, కాలు నేలకు ఆనించాడు. అమ్మ దిష్టి తీసింది. ఆ మర్నాడు సాయంత్రం నేను షాపు నుంచి నేరుగా కొట్టానికి వచ్చేసరికి ఫంక్షన్ హాల్‌కు పెళ్లి ఊరేగింపు వస్తోంది. ముందు తీన్‌మార్ డప్పులు. చప్పుడు గోడ దాటి వినిపించిందో లేదో, పెద్దోడు చెవులు నిక్కబొడిచాడు. కాక, అంటే నాయిన తమ్ముడు, పలుపు పట్టుకునేలోపు ముందు కాళ్లు గాల్లోకి లేచాయి.

"లేచిండు! చూడు బిడ్డా, లేచిండు!" నాయిన చిన్నపిల్లాడిలా అరిచాడు.

అరుపు పూర్తి కాకముందే కుడి కాలు మడత పడింది. వాడు పక్కకు ఒరిగి గడ్డివాము మీద పడ్డాడు. గడ్డి ఉండబట్టి సరిపోయింది. వాడు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వంట చేస్తుండగా గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది. నాయిన వాడి పక్కన నిలబడిపోయాడు.

డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. అదృష్టం, పూర్తిగా తెగలేదు. మొదటికొచ్చింది, అంతే. నాకు మాత్రం తిక్క రేగింది.

"మేడమ్, మందు ఆపేద్దాం. నొప్పి ఉంటే లేవడు కదా."

ఆమె సూది లోపల పెట్టుకుంటూ నావైపు చూసింది. "నొప్పిని కాపలా పెట్టి వైద్యం చేయడం నాకు రాదమ్మా. వాపు దిగాలి, మందు పడాలి. కాపలా మీరు వేరే చూసుకోండి."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నొప్పి ఇన్నాళ్లూ వాడికి కాపలా ఉంది. మేం మందిచ్చి ఆ కాపలాను పంపించేశాం. ఇప్పుడు దాని చోట్లో ఎవరో ఒకరు నిలబడాలి. మందు ఇవ్వాలి, వాడు లేవకుండానూ చూడాలి. పండుగ నెల. అల్మాస్‌గూడలో రోజూ ఏదో ఒక చప్పుడు. ఫంక్షన్ హాల్ వాళ్ల కాళ్లు పట్టుకున్నా డప్పులు ఆపరు, ఆపమనడానికి మనకు నోరూ లేదు, ఏటా సదర్‌కు మనం చేసేదీ అదే కదా. పెద్దోడిని ఇంకోచోటికి తోలుకుపోదామంటే కాలు బండి ఎక్కనివ్వదు. మిగిలింది ఒకటే దారి. డప్పు మోగితే లేవడం వాడికి మేం నేర్పాం. డప్పు మోగినా లేవకపోవడం కూడా మేమే నేర్పాలి.

"ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా?" కాక నవ్వాడు. "దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది నీ యవ్వారం. ఊరంతా లేవనీకి నేర్పుతరు, మనం లేవకుంట నేర్పుదమా? సదర్‌ల మన ఇజ్జతేం గావాలె?"

"ఇజ్జత్ కాలు మీదుంటది కాకా. ముందు కాలుండాలె."

నాయిన పెద్దోడి పక్కనే నిలబడి ఉన్నాడు. గడ్డిపోచ నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. దాన్ని ఉమ్మేసి, "వాడు గట్ల ఒరిగినప్పుడు నేను నవ్వుతున్న," అన్నాడు. "చూసినవా నువ్వు? వాని కాలిరుగుతుంటె నేను నవ్వుతున్న." తర్వాత నావైపు తిరిగి, "ఏం జెయ్యాలో చెప్పు," అన్నాడు.

ఏం చేయాలో నాకూ తెలియదు. కానీ ఏం చేయాలని ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. తెలియదని చెప్పదలుచుకోలేదు.

నా ఫోన్‌లో డప్పు చప్పుడు పెట్టాను, బాగా చిన్నగా. పెద్దోడి ఒళ్లంతా జలదరించింది, ముందు కాళ్లు నేలను గీరాయి. కాక, నేను చెరో పక్క పలుపు బిగించి పట్టుకున్నాం. నాయిన మెడ మీద చెయ్యి వేసి నొక్కాడు. వాడు ఆ చేతిని దోమను విదిలించినట్టు విదిలించాడు. బెల్లం పెట్టి చూశాం. బెల్లం తిని, తినడం అయిపోగానే మళ్లీ గీరాడు. నీళ్లు చల్లాం. తిట్టాం. బతిమాలాం. చప్పుడు ఆపితే గానీ ఆగలేదు. ఇట్లా కొన్ని రోజులు గడిచాయి. షాపులో నిలబడి మందులు కడుతున్నా నా బుర్ర కొట్టంలోనే ఉండేది. ఎట్లాగైనా చేసి తీరాలన్న మొండితనం నాకు ఎవరి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా.

ఒక రోజు నాయిన అలసిపోయి, "ఇగ నాతోని గాదు," అంటూ వాడి ముందర నేల మీదే చతికిలబడ్డాడు. ఆయన నేల మీద కూర్చోవడం చూసి ఎన్నేళ్లయిందో. మోకాళ్లు అరిగిపోయాయని పెద్ద దవాఖానలో చెప్పినప్పటి నుంచి ప్లాస్టిక్ కుర్చీయే ఆయన సింహాసనం. ఫోన్‌లో డప్పు ఇంకా మోగుతూనే ఉంది. పెద్దోడు గీరడం మానేశాడు. తల దించాడు. ఆ బండెడు తలను మెల్లగా తెచ్చి నాయిన ఒళ్లో పెట్టి, మూతితో ఆయన చేతులు వెతికాడు.

సీసా కోసం. నాయిన నేల మీద కూర్చుంటే వాడికి పాలు గుర్తొచ్చాయి.

నాయిన కదల్లేదు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు కూడా. నేను ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాల్సిన పనీ లేదు. కాక మాత్రం అటు తిరిగి గడ్డి సర్దడం మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి అదే మా తాలీం. కుర్చీలో కూర్చుని చూపించాం, లాభం లేదు. వాడికి కుర్చీ లెక్కే లేదు. ముక్కాలిపీట కూడా పనికిరాలేదు. నేలే కావాలి. నేను కూర్చుని చూశాను, వాడు నా తల మీదుగా గోడవైపు చూశాడు. పెద్దకొడుకు కదా, చెల్లెలి మాట ఎందుకు వింటాడు? అందుకని రోజూ పొద్దున నేను రాగానే నాయిన గోనెసంచి పరుచుకుని కూర్చునేవాడు. కూర్చునేటప్పుడు పళ్లు కొరికేవాడు, లేచేటప్పుడు నా భుజం విరిగిపోయేలా పట్టుకునేవాడు. "నొప్పి గోలి ఏసుకుంటే నేను నడుస్తలేనా, వాడు మాత్రం ఎందుకు లేవొద్దు?" అని మొదట్లో వాదించిన మనిషి, ఇప్పుడు తన గోలీ వేసుకుని వాడి కోసం కూర్చుంటున్నాడు. చప్పుడు రోజురోజుకూ పెంచాం. ఫోన్ నుంచి స్పీకర్‌కు మారాం. ఫంక్షన్ హాల్‌లో నిజం డప్పులు మోగిన రోజున నాయిన చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా వెళ్లి కూర్చున్నాడు. పెద్దోడు లేవలేదు.

సదర్‌కు తీసుకుపోవాలా వద్దా అన్నది తర్వాతి పంచాయితీ. నేను వద్దన్నాను, కాక లేవాల్సిందే అన్నాడు. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి. చివరకు నాయినే తేల్చాడు. "పోతడు. నిలబడ్తడు. లేవడు. అడిగినోళ్లకు నేను చెప్పుకుంట." డాక్టరమ్మ వచ్చి వాడిని నడిపించి చూసింది. "నడుస్తాడు, నిలబడతాడు. వాపు దిగి మందు ఆపేశాం కాబట్టి కొంచెం కుంటుతున్నాడు, అది మంచిదే. లేవడం మాత్రం వచ్చే ఏడాది చూద్దామండీ," అని ఒప్పుకుంది.

పండుగ రోజు పెద్దోడు పెళ్లికొడుకే. నూనె పట్టించిన నల్లటి ఒళ్లు, పసుపు రంగు కొమ్ములు, గవ్వల పట్టీ, నెమలి ఈకల కుచ్చు. డీసీఎం బండిలో ఎక్కించి సైదాబాద్‌లో చౌరస్తాకు కొంచెం ఇవతల దింపారు. పొద్దు వాలుతోంది. అప్పటికే వీధి నిండా జనం. మా వెనక ఇంకో రెండు బండ్లు వచ్చి ఆగాయి. నేను వాడి పక్కన నడుస్తూ కాలు చూశాను.

వాడు కుంటడం లేదు.

ఆ పొద్దున నేను చూసినప్పుడు కుంటుతూనే ఉన్నాడు. ఖాళీగా నిలబడ్డప్పుడు కుడి కాలి గిట్ట కొస మాత్రమే ఆనించి, బరువంతా ఎడమ కాలి మీద వేసేవాడు. ఇప్పుడు నాలుగు కాళ్లూ స్తంభాల్లా పాతి నిలబడ్డాడు. మెడ దగ్గర నూనె మీద చెయ్యి వేసి రాస్తే వేళ్లకు చిన్న బొడిపె తగిలింది. కాక ముఖం చూశాను. కాక ముఖం నేలను చూసింది.

"ఏమేసినవ్ కాకా?"

"నొప్పికే బిడ్డా... జర నొప్పికే. బండి ఎక్కుతుంటె బాధపడ్తుండు, చూడలేకపోయిన."

"ఏం మందు?"

జేబులోంచి ఖాళీ సీసా తీశాడు. మనుషుల మందు. చచ్చిన పశువుల్ని తిన్న రాబందుల్ని చంపుతోందని పశువులకు వాడకుండా ఎప్పుడో నిషేధించిన మందు. "నా నడుముకని చెప్పి తెచ్చిన," అన్నాడు. పశువుల తరఫున అబద్ధం చెప్పేవాళ్లలో మా ఇంటి మనిషి ఒకడు తక్కువయ్యాడా అనుకున్నాను. నడివీధిలో కాకను చెడామడా తిట్టాను. తిట్లన్నీ ఇక్కడ రాయను గానీ ఒక్కటీ ఊరికే పోలేదు. కాక కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, పలుపు మాత్రం వదల్లేదు.

నాయినకు చెప్పాను. "నాయినా, వానికిప్పుడు నొప్పి లేదు. వెనక్కు మళ్లుదాం."

ఆయన వెనక్కు చూశాడు. రెండు బండ్లు, వాటి నిండా దున్నలు, వాటి చుట్టూ పిల్లలు. ఎటు చూసినా మళ్లే చోటు లేదు. అదే క్షణంలో ముందు డప్పు మోగింది. ఒకటి కాదు, పది డప్పులు ఒక్కసారి. నిజం తోలు, నిజం దెబ్బ. ఇళ్ల గోడలు అదిరాయి. "వచ్చిండు, వచ్చిండు!" అని అరుపులు. మా దున్నను ఏటా చూసే జనం, లేవడం చూడటానికే వచ్చిన జనం.

పెద్దోడి ఒంట్లో వణుకు నా అరచేతికి తెలిసింది. మెడ పైకి సాగింది. ముందు కాళ్లు రోడ్డును గీరాయి. నేను ఒక పక్క, కాక ఒక పక్క పలుపుకు వేలాడాం. వాడు లేవాలనుకుంటే మేమిద్దరం గవ్వల పట్టీలో రెండు గవ్వల కింద లెక్క.

నాయిన వాడి ముందుకు నడిచాడు. సరిగ్గా ముందరికి. వాడు లేచి దిగితే ఆ గిట్టలు పడే చోటికి.

"నాయినా, ఒద్దు!" అని అరిచాను. డప్పుల్లో నా గొంతు నాకే వినిపించలేదు.

ఆయన తువ్వాల తీసి రోడ్డు మీద పరిచాడు. ఒక చెయ్యి తొడ మీద పెట్టి, పళ్లు బిగించి, ఒక మోకాలు, ఆ తర్వాత ఇంకో మోకాలు మడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ జనానికి ఏమీ అర్థం కాలేదు. "ముసలాయన పడ్డడు, లేపుండ్రి" అని ఎవరో ముందుకు రాబోతే కాక కసిరి ఆపాడు. పెద్దోడి ముందు కాళ్లు అప్పటికే నేలను వదిలాయి. కొంచెమే, కానీ వదిలాయి. వాటి కింద మా నాయిన తల ఉంది. ఆయన పైకి చూడలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టి, అరచేతులు తెరిచి ఉంచాడు. ఆ అరచేతుల్లో సీసా లేదు, ఏమీ లేదు.

కాళ్లు దిగాయి. మెల్లగా, తువ్వాలకు అటొకటి ఇటొకటి. పెద్దోడు తల వంచి, రంగుల కొమ్ములూ నెమలి ఈకలూ అన్నీ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. డప్పులు వాటి మానాన అవి మోగుతూనే ఉన్నాయి. మాకు దగ్గర్లో ఉన్నవాళ్లు అరవడం మానేశారు. వెనకవాళ్లు "ఏందిది, లేస్తలేడేంది?" అని ఈలలు వేశారు. నాయిన వాడి నుదుటి మీద చెయ్యి వేసి రాస్తూ, ఆ చప్పుడంతా అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. ఎంతసేపో నేను చూడలేదు. నా చూపు ఆ కుడి కాలి మీదే ఉంది.

జనం వేరే దున్నల వైపు కదిలాక నాయినను లేపబోయాం. ఆయన లేవలేకపోయాడు. కాక, నేను చెరో చంక కింద చెయ్యి వేసి, దాదాపు ఎత్తుకుని బండి దాకా తీసుకొచ్చాం. పెద్దోడు మా వెనకే, ఎవరూ పలుపు పట్టకుండానే నడిచి వచ్చాడు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ కొట్టానికి వచ్చింది. కాక వేసిన మందు సంగతి విని కాకకు ఆమె కూడా పెట్టాల్సింది పెట్టింది. గుంటూరు తిట్లు కాకకు కొత్త, తల వంచుకుని విన్నాడు. సూది ప్రభావం దిగిపోయి పెద్దోడు మళ్లీ గిట్ట కొస మాత్రమే ఆనించి నిలబడ్డాడు. ఆమె కూర్చుని కాలంతా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తడిమింది. కొత్త వాపు లేదు. వేడి లేదు.

వాపంతా నాయిన మోకాళ్లలో ఉంది. మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు, రెండు మోకాళ్లూ కుండల్లా ఉబ్బి. కాక పక్కన కూర్చుని నూనె రాస్తున్నాడు. డాక్టరమ్మ చూసి గాభరాపడింది.

"పెద్దాయనా, ఇదేంటండీ? ముందు మీరు ఆసుపత్రికి పదండి. ఇవాళే."

"పోతనమ్మా, పోత. వాని కాలు చెప్పు ముందు."

"బాగుందండీ. తెగలేదు. వచ్చే ఏడాదికి గట్టిపడుతుంది."

నాయిన కళ్లు మూసుకుని తల దిండుకు ఆనించాడు.

"ఇంకోపారి చెప్పు బిడ్డా," అన్నాడు.

ఆమెను అన్నాడేమో అనుకున్నాను. ఆయన కళ్లు తెరిచి చూసింది మాత్రం నావైపు.

"కాలు బాగుంది నాయినా," అన్నాను.